బడిలో చెప్పకూడని మాటలు

నేను చనిపోయినవాళ్లకు కర్మలు చేయించే పురోహితుణ్ణి. ఉండేది జమ్మలమడుగులో. పెన్న ఒడ్డున పదో రోజు, ఇంట్లో పన్నెండో రోజు, ఆ తర్వాత నెలనెలా మాసికాలు, ఏడాదికోసారి తద్దినాలు, ఇదీ నా బతుకు. ప్రొద్దుటూరు నుంచి పిలుస్తారు, ముద్దనూరు నుంచి పిలుస్తారు, ఒక్కోసారి పులివెందుల నుంచి కూడా పిలుస్తారు. సంతోషంగా పిలిచిన ఇల్లు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ లేదు. పెళ్లిళ్లు చేయించే పురోహితులు వేరు. వాళ్లు ఎదురైతే జనం నమస్కారం పెడతారు. పొద్దున్నే నేను ఎదురైతే బండి వెనక్కి తిప్పుకుని ఇంట్లోకి పోయి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరుతారు. నాకు కోపం రాదని కాదు, మా చెడ్డ కోపం నాది. కానీ ఎవరి మీద చూపించాలి? రేపు వాళ్లింట్లో ఎవరైనా పోతే నేనే కదా పోవాలి.

పోయిన వేసవికి మా పాపకు నాలుగేళ్లు నిండబోతున్నాయి. జూన్‌లో బడిలో వేయాలి. అది మాటలు నేర్చిందే మా ఇంటి సరంజామా మధ్య. ఒక మూల దర్భల కట్ట, ఇంకో మూల నువ్వుల డబ్బా, అటక మీద విస్తరాకులు. నా ఫోన్ మోగితే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి "ఎవురు నాయనా పోయింది?" అని అడిగేది. ఒకసారి ప్రొద్దుటూరు నుంచి వాళ్ల మేనమామ ఊరికే పలకరిద్దామని ఫోన్ చేస్తే, నా చేతిలోంచి లాక్కుని అతన్నీ అదే అడిగింది. "మామా, మీ ఇంట్లో ఎవురు పోయినారు?" అతను పాపం "శివశివా" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. అప్పటికి నవ్వే వచ్చింది.

నవ్వు పోయింది ఒక సాయంత్రం. పక్కింటావిడ మా గుమ్మం ముందు నిలబడి వీధంతా వినపడేలా అరిచింది.

"ఏం స్వామీ, మీ పాపకు ఇదేనా మీరు నేర్పిచ్చేది? మా మామ గుండ్రాయి మాదిరి మంచం మీద కూర్చోనుండాడు. నా కొడుకు చేత ఆయప్పకు పిండం పెట్టిస్తాదా?"

పరిగెత్తుకుంటూ పోయి చూద్దును కదా, వాళ్ల పెరట్లో మా పాప పక్కింటి పిల్లవాణ్ణి ఇటుక మీద కూర్చోబెట్టి ఉంది. వాడి మెడలో జనపతాడు. ముందర బాదం ఆకులో మూడు మట్టి ముద్దలు, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు. "మీ తాత పేరు చెప్పు" అంటోంది. వాడు చెప్పాడు. "అపసవ్యం" అని వాడి తాడు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్పించింది. నేను ఎలా గొంతు సవరించుకుంటానో అలాగే సవరించుకుంది కూడా. ఒక్క ముక్క తప్పు పోలేదు.

ఆ తాత మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తూ నవ్వుతున్నాడు. "ఇడ్సిపెట్టమ్మా, పిల్లోళ్లు. బతికుండంగానే పెడతాండారు, మంచిదే గదా. రెండు వడలు గూడా ఏయమను" అన్నాడు. కోడలు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పాప రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చి వీపు మీద ఒక్కటిచ్చాను.

అది వెక్కుతూ అడిగింది. "యాడ తప్పు పోయింది నాయనా?"

మంత్రంలో ఎక్కడ తప్పు చేశానా అని దాని అనుమానం. ఏమని చెప్పను? తప్పు పోకపోవడమే తప్పమ్మా అని చెప్పనా?

నా కోపం దాని మీద కాదు. నేను బడికి పోయిన రోజుల్లో నాకు పేరు లేదు. నన్ను అందరూ "పిండం" అనేవాళ్లు. "రేయ్ పిండం, బంతి ఇట్లెయ్." అయ్యవారు కూడా ఒకసారి హాజరు పిలుస్తూ నోరు జారి అదే పిలిచాడు. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి ఏడిస్తే మా నాయన "కూటి కోసం కోటి విద్యలు రా, మన విద్య ఇది" అని తన పనిలో తాను పడ్డాడు. నాకు ఆ విద్య తప్ప వేరే విద్య రాకుండా పోవడానికి ఆ పేరు కూడా ఒక కారణం. బడంటే అంత అసహ్యం పుట్టింది. ఆ పేరు నా బిడ్డకు అంటకూడదు. ఆ సాయంత్రం నేను పట్టిన పట్టు అదే.

మే నెలంతా మా ఇంట్లో బడికి తయారీ. మా ఆవిడ దానికి తన చేత్తో తాను అన్నం తినడం, బొత్తాలు పెట్టుకోవడం, ఒంటికి వస్తే చెయ్యెత్తి అడగడం నేర్పింది. పలక మీద అక్షరాలు దిద్దించింది. నేను మాత్రం ఏవి చెప్పకూడదో నేర్పించాను. రోజూ పొద్దుగూకే వేళ చేతిలో బెత్తం పట్టుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి. నేను టీచరు, అది విద్యార్థి.

"మీ నాయన ఏం చేస్తాడు పాపా?"

"ఏటికి పోతాడు."

"కాదు. గుడిలో పూజ చేస్తాడు అను."

"ఏ గుడి నాయనా?"

"ఏదో ఒక గుడి."

"నువ్వు గుడికి పోనే పోవు గదా. ఏటికే గదా పోతావు."

ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస. దానికి అబద్ధం పట్టుబడటం లేదు. చెప్పిన ప్రతి అబద్ధానికీ ఒక ప్రశ్న వేస్తుంది. చివరికి విసిగిపోయి, "నాయన సంగతి అడిగితే ఏమీ చెప్పద్దు. గమ్మునుండు" అన్నాను. అది దానికి అర్థమయింది. ఆ తర్వాత మాటల మీద పడ్డాను. పిండం అనకూడదు. కాకి అనకూడదు. ఏరు, నువ్వులు, దినం, పోయినారు, నీళ్లు వదలడం, ఏవీ అనకూడదు.

"మరి బళ్లో ఏం మాట్లాడల్ల నాయనా?"

"ఏబీసీడీలు మాట్లాడు."

నోరు జారితే చెవి మెలిపెట్టేవాణ్ణి. గట్టిగా కాదు. గట్టిగా కాదని నేను అనుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా. నా మొక్క చక్కగా వంగింది. కొన్నాళ్లకు ఫోన్ మోగినా పరిగెత్తుకు రావడం మానేసింది. గోడ మీద కాకి వాలితే నా మొహం చూసి తల తిప్పుకునేది. "చూశావా, ఎంత బుద్ధిమంతురాలో" అని మా ఆవిడతో గొప్పలు పోయాను.

ఆమె బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టి, "బిడ్డకు చదువు నేర్పిస్తాండారా, దొంగతనం నేర్పిస్తాండారా?" అంది.

"నీకేం తెలుసు? నిన్ను ఎవరన్నా బళ్లో పిండం అన్నారా?" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. ఆమె మళ్లీ చేట తీసుకుంది. అరిచినవాడిదే గెలుపు అనుకునే రకం నేను.

బడిలో చేర్చడానికి నేను పోలేదు. మా ఆవిడను, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వాళ్లన్నను పంపాను. వాళ్లు ఆఫీసులో చేర్చి వచ్చేశారు. మొదటి రోజు పొద్దున ఇంకా ఘనకార్యం చేశాను. పాప కొత్త బట్టలు వేసుకుని, సంచి తగిలించుకుని, ఆటో కోసం గుమ్మంలో నిలబడింది. మంచి పనికి బయల్దేరుతున్న బిడ్డ. నేను ఎదురు రాకూడదని పెరట్లోకి పోయి బావి చాటున నిలబడ్డాను. ఊరంతా నన్ను చూసి వెనక్కి తిరుగుతుంది కదా, నా బిడ్డకు మాత్రం నేను ఎలా మంచి శకునం అవుతాను? "నాయనా, పోయొస్తా" అని అరిచింది. పలకలేదు. ఇంకోసారి అరిచింది. ఆటో పోయిన శబ్దం వినపడ్డాక బయటికొచ్చాను. మా ఆవిడ నన్ను దాటుకుని వంటింట్లోకి పోయింది. నా వైపు చూడలేదు కూడా.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అడిగేవాణ్ణి. "మిస్సు నా సంగతి అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్తివి?"

"చెప్పల్యా."

"మా తల్లే" అని ముద్దు పెట్టుకుని వేరుశనగ చిక్కీ చేతిలో పెట్టేవాణ్ణి. కొన్ని రోజులకు "ఇప్పుడు అడగడం లేదు నాయనా" అంది. హమ్మయ్య అనుకున్నాను. గండం గడిచింది, నా బిడ్డను ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు అనుకున్నాను. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

వానలు మొదలయ్యాక మా ఊళ్లోనే అంగడి నడుపుకునే ఒక పెద్దాయన పోతే నన్ను పిలిచారు. మర్యాదస్తుల ఇల్లు. పదో రోజు పెన్న దగ్గర, పన్నెండో రోజు ఇంట్లో అంతా సక్రమంగా జరిగింది. భోజనాలయ్యాక వసారాలో కూర్చుని సంచి సర్దుకుంటున్నాను. ఆ పెద్దాయన కూతురు తాంబూలం పళ్లెం తెచ్చి ముందర పెట్టి, పోకుండా నిలబడింది.

"స్వామీ, ఒక మాట అడగల్ల. ఏమనుకోవద్దు."

"అడగమ్మా."

"నేను బళ్లో చిన్నపిల్లలకు చెప్తాను. ఈ ఏడు చేరిన పాప ఒకటుంది. నాలుగేండ్ల బిడ్డ. వాళ్ల నాయన ఏం చేస్తాడని ఎన్నిసార్లడిగినా నోరు తెరవల్యా. తల వంచుకోని కూర్చునేది. ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకోని బుజ్జగించి అడిగితే అప్పుడు చెప్పింది స్వామీ, మా నాయన సచ్చిపోయినాడు అని."

"అయ్యో పాపం" అన్నాను. నిజంగానే అన్నాను. ఎవరి బిడ్డో, ఎంత కష్టం వచ్చిందో అనుకున్నాను.

"ఆ బిడ్డ గుండె నిబ్బరం చూడండి. మా నాయన పోయిన నాలుగో దినమే నేను బడికి పోతిని." పెళ్లైన కూతురికి మైల మూడు రోజులే కాబట్టి పోయి ఉంటుంది. "పాఠం చెప్తా చెప్తా ఏడుపు ఆపుకోలేకపోతిని. పిల్లోళ్లంతా బిత్తరపోయి చూస్తాండారు. ఆ పాప లేచొచ్చి నా కొంగు పట్టుకునింది. ఏడ్చద్దు మిస్, పన్నెండో దినం దాకా వాళ్లు దావలో ఉంటారు, మనం నీళ్లు ఇడిస్తే వాళ్లకు దప్పిక తీర్తాది, మనం ఏడిస్తే వాళ్లకు దావ కనపడదు, అనింది."



ఆ మాట నాది. పెన్న ఇసుకలో కూర్చుని కొడుకులు ఏడుస్తుంటే, ఆడవాళ్లు గుండెలు బాదుకుంటుంటే, నేను చెప్పే మాట. మా నాయన దగ్గర నేను నేర్చుకున్నది. అదే వరసలో, అదే మాటల్లో. ఆ నాలుగేళ్ల బిడ్డ నా బిడ్డ. ఆ చచ్చిపోయిన నాయన నేనే.

"అట్లాంటి బిడ్డకు మేము ఏం చెప్పల్ల స్వామీ? వాళ్లమ్మకు ఫోన్ చేద్దామంటే నోరు రాదు. మీరు ఇట్లాంటి ఇండ్లు శానా చూసింటారు గదా" అని చేతులు కట్టుకుని నిలబడింది ఆమె.

నేను అక్కడే చెప్పి ఉండాల్సింది. అమ్మా, ఆ పాప నా కూతురు, నేను బతికే ఉన్నాను, నీ ముందరే కూర్చుని ఉన్నాను అని. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె జవాబు కోసం చూస్తోంది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చివరికి నా నోట ఏం వచ్చిందో తెలుసా?

"నాయన సంగతి ఎత్తకండమ్మా. చిన్నబిడ్డ. కొన్నాళ్లకు మర్చిపోతుంది."

ఆమె నమ్మి దండం పెట్టింది. నా బిడ్డ నన్ను మర్చిపోతుందని నా నోటితో నేనే చెప్పి, తాంబూలం సంచిలో వేసుకుని బయటపడ్డాను. ఛీ! ఎంతోమంది చావులు చూసినవాణ్ణి, నా చావుకు నేనే సలహా చెప్పి వచ్చాను. బండి నడపబుద్ధి కాక తోసుకుంటూ ఇంటిదాకా నడిచాను. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో కూడా చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి పాప వసారాలో బోర్లా పడుకుని పలక మీద బొమ్మ గీస్తోంది. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"నేను సచ్చిపోయినానని మిస్సుతో చెప్పినావా?"

అది లేచి కూర్చుని ముందు రెండు చెవులూ చేతులతో మూసుకుంది. నేను మెలిపెడతానని.

"నువ్వే గదా నాయనా ఏం చెప్పద్దంటివి. మిస్సు ఊకూకే అడుగుతాండె. సచ్చిపోయినాడంటిని. అంతే, ఇంగ అడగల్యా."

నాకు కోపం వచ్చిందనుకుందేమో, గబగబా లెక్క అప్పజెప్పింది. "పిండం అనల్యా. కాకి అనల్యా. ఏరు అనల్యా." కళ్లనిండా నీళ్లతో, "నీళ్లు ఇడిసేది ఒకటి అంటి నాయనా. ఒక్కసారే. మిస్సు ఏడుస్తాండె, అందుకని" అంది.

అది తన తప్పు ఒప్పుకుంటోంది. నన్ను చంపింది తప్పు కాదు దానికి. ఏడుస్తున్న మనిషిని ఓదార్చింది తప్పు. నేను నేర్పిన చదువు ఇదీ! నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాని చేతులు చెవుల మీదనుంచి తీసి, "ఇంక అట్ల చెప్పద్దు" అన్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

మరునాడు ఆటోను రావద్దని చెప్పాను. నేనే బండి మీద దింపుతాను అన్నాను. ఎప్పుడో పులివెందుల పెళ్లికి కుట్టించుకుని, ఎవరూ పిలవక మడతల్లోనే ఉండిపోయిన ప్యాంటు, చొక్కా తీసి వేసుకుంటున్నాను. మా ఆవిడ చూసి, "ఎవరి నాయన మాదిరి పోతాండారు?" అంది. మెల్లగానే అంది. ప్యాంటు విప్పేసి పంచె కట్టుకున్నాను, విభూతి పెట్టుకున్నాను, ఉత్తరీయం వేసుకున్నాను.

బడి గేటు దగ్గర తల్లులు, తండ్రులు, ఆటోలు, ఒకటే సందడి. నన్ను గుర్తుపట్టినవాళ్లు ఒకరిద్దరు పిల్లల్ని ఎత్తుకుని పక్కకు జరిగారు. బండి ఆపి పాపను దింపి చెయ్యి పట్టుకున్నాను. గేటు దగ్గర పిల్లల్ని లోపలికి పంపుతూ ఆ టీచరమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఏం స్వామీ, ఈడికొచ్చినారు? ఏమన్నా చేసేది మిగిలిపోయిందా?"

"లేదమ్మా" అన్నాను. ఇంకేదో అనబోతుంటే నా చెయ్యి ఖాళీగా అనిపించింది. పాప ఎప్పుడో చెయ్యి విడిపించుకుంది. నాకు రెండడుగుల దూరంలో, నాతో ఏమీ సంబంధం లేనట్టు, గోడకున్న బొమ్మలు చూస్తూ నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండానే. ఎంత బాగా నేర్చుకుందో!

టీచరమ్మ పాపను చూసింది, నన్ను చూసింది, మళ్లీ పాపను చూసింది. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. వంగి పాప గడ్డం పట్టుకుని అడిగింది.

"ఎవురు పాపా ఈ స్వామి? నీకు తెలుసునా?"

పాప నా వైపు తిరిగింది. దాని మొహంలో భయం లేదు, అల్లరి లేదు. ఏ మాట చెప్పాలన్నా నన్ను అడగాలి కదా, అందుకని అడిగింది, అంతే.

"చెప్పల్నా నాయనా?"

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పమ్మా" అన్నాను. నాకే వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాను.